రెండు గడుల రిజిస్టరు

నర్సింగ్ ట్యూటర్లుగా కొత్తగా చేరుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లూ, నాకు కప్పిన శాలువలూ ఇందులో ఉండవు. వాటితో మీకు పని లేదు. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి అనుబంధంగా నడిచిన నర్సింగ్ స్కూలులో ట్యూటరుగా చేరి, ప్రిన్సిపాలుగా పదవీ విరమణ చేశాను. పనిచేసిన ప్రతి రోజూ డైరీలో కనీసం నాలుగు పంక్తులు రాశాను. ఇప్పుడు ఆ డైరీలను బల్లమీద పెట్టుకునే ఇది రాస్తున్నాను. జ్ఞాపకం మనకు అనుకూలంగా సర్దుకుంటుంది. సిరాతో రాసింది సర్దుకోదు.

రాయడానికి కారణం కోపం. ఈ మధ్య ఒక సభలో ఒక యువ అధ్యాపకుడు ఆన్‌లైన్ విద్య గురించి మాట్లాడుతూ, పాత తరం ట్యూటర్లు కంప్యూటరును గుమ్మం దగ్గరే ఆపేశారని, అందుకే మన పిల్లలు వెనకబడ్డారని అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. మా స్కూలుకు కంప్యూటర్లు కావాలని లిఖితపూర్వకంగా అడిగిన మొదటి మనిషిని నేనే. ఆ అర్జీ నకలు నా ఫైలులో ఇప్పటికీ ఉంది. ఆ యంత్రంతో మేమేం చేశామో, దాని మూలంగా నేనేం తప్పు చేశానో, ఆ తప్పులోంచి ఏం సంపాదించామో చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

ఆరు కంప్యూటర్లు

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల సంగతి. మా స్కూలు లైబ్రరీలో పిల్లల వ్యాధుల నర్సింగుకు ఒకే ఒక్క మంచి పుస్తకం ఉండేది. దాన్ని క్లాసు మొత్తం వంతులవారీగా చదివేది. వంతు వచ్చేసరికి పరీక్ష అయిపోయేది. ఇంటర్నెట్టు ద్వారా నర్సింగు పాఠాలు పంపే సంస్థ ఒకటి పట్నంలో ఉందని తెలిసి అర్జీ పెట్టాను.

మా కరస్పాండెంట్ గారు ముక్తేశ్వరంలో కొబ్బరితోటలున్న రైతు కుటుంబీకులు. మంచి మనిషి, తొందర మనిషి. అర్జీ పూర్తిగా చదవకుండానే ఒప్పుకున్నారు.

"ఆయ్, పెట్టిద్దామండి. పట్నంలో పిల్లలు నేర్చుకునేది మన పిల్లలు ఇక్కడే కూర్చుని నేర్చేసుకుంటారు. ఇంక మనకి తక్కువేంటండి?"

ఆరు కంప్యూటర్లు వచ్చాయి. కనెక్షను టెలిఫోను తీగ మీదుగానే. తెర మీద బొమ్మ పైనుంచి కిందకి మెల్లగా దిగేది. తల కనబడ్డాక కాళ్లు కనబడడానికి ఒక పేజీ నోట్సు రాసుకునేంత సమయం పట్టేది. అదే తీగ మీద ఆసుపత్రికి ఎవరైనా ఫోను చేస్తే పాఠం తెగిపోయేది. "ఎవరో పెళ్లికి పిలుస్తున్నారండి మేడమ్, పాఠం పోయింది" అని అమ్మాయిలు నవ్వేవారు. కొబ్బరి మట్టలు తీగల మీద పడిన రోజున ఆ నవ్వు కూడా ఉండేది కాదు.

అయినా ఆ పాఠాలు మంచివి. గుండె కవాటాలు కదలడం, పిండం తిరగడం, సెలైన్ చుక్కలు లెక్కగా పడడం నేను నల్లబల్ల మీద ఎన్నడూ చూపించలేకపోయినవి. పాఠం చివర పరీక్ష, వెంటనే మార్కులు. ఒక్క నెలలో మా పిల్లల ముఖాలు మారాయి.

అందరికంటే ముందు నిలిచిన అమ్మాయి పేరు సువార్త. రాజోలు దగ్గర లంక ఊరు. తల్లి అంగన్‌వాడీలో ఆయా. ఇంటర్మీడియెట్ దాకా తెలుగు మీడియమే. మొదటి రోజు మౌసును బల్లమీదనుంచి గాలిలోకి ఎత్తి పట్టుకుంది. కానీ తెర మీద కనబడిన ప్రతి ఇంగ్లీషు మాటనూ ఒక నోటుబుక్కులో ఎక్కించి, పక్కన అర్థం రాసి, సాయంత్రం నా చేత దిద్దించుకునేది. రెండో సంవత్సరం మధ్యకు వచ్చేసరికి సెలైన్ పాఠంలో నూటికి నూరు తెచ్చుకున్నది తానొక్కతే. తల్లి ఒక ఆదివారం వచ్చి ఆ మార్కుల కాగితం అడిగి తీసుకెళ్లింది. ఆయాకిచ్చే కొద్దిపాటి గౌరవవేతనం కాక, ఆ ఇంట్లో పూర్తి నెలజీతం తెచ్చే మొదటి మనిషి ఆ అమ్మాయే అవుతుందని ఇద్దరికీ తెలుసు, నాకూ తెలుసు.

నా సంతకం

నర్సింగ్ విద్యార్థినికి ప్రొసీజర్ బుక్ అని ఒకటి ఉంటుంది. ఏ పని ఏ రోజున రోగి దగ్గర చేసిందో అందులో రాస్తారు. ఎదురుగా నిలబడి చూసిన ట్యూటరు సంతకం పెట్టాలి. ఆ సంతకానికి ఒకటే అర్థం: ఈ అమ్మాయి ఈ పని చేయగా నేను కళ్లారా చూశాను.

స్కూలు అనుమతి కొనసాగించాలో లేదో తేల్చే ఇన్‌స్పెక్షను దగ్గర పడింది. ఆ చలికాలమంతా మా పిల్లల వార్డులో మంచాలు ఖాళీగానే ఉన్నాయి. పసిపిల్లలకు సెలైన్ పెట్టడం అనే పేజీ క్లాసంతటికీ ఖాళీ. కరస్పాండెంట్ గారు నన్ను గదికి పిలిచారు.

"కంప్యూటర్లో పరీక్ష పాసయ్యేరు కదండీ. అదీ చెయ్యడం కిందే లెక్క. సంతకాలు పెట్టేయండి. ఈసారి సీట్లు పెంచమని అడుగుతున్నాం. బుక్కుల్లో ఖాళీలు కనబడకూడదు."

"రోగి లేకుండా ఎలాగండీ?"

"రోగులొచ్చేక చేస్తార్లెండి. పిల్లలు తెలివైనవాళ్లే కదా."

తెలివైనవాళ్లే. ఆ మాట పట్టుకుని నా మనసును నేను సమాధానపరుచుకున్నాను. ఒక సోమవారం మధ్యాహ్నం కూర్చుని క్లాసు మొత్తానికి సంతకాలు పెట్టాను. ఆ రోజు డైరీలో నాలుగు పంక్తులూ వాతావరణం గురించి ఉన్నాయి. నా డైరీలన్నిటిలో నేను సిగ్గుపడే పేజీ అదొక్కటే.

ఇన్‌స్పెక్షను ముందు పుస్తకాలు నింపడం ఇప్పటికీ చాలా చోట్ల పద్ధతిగా నడుస్తోంది. ఒకే కలం, ఒకే సిరా, ఒకే పూట, క్లాసంతటికీ సంతకాలు. దీన్ని సర్దుబాటు అంటున్నారు. అది అబద్ధం. మెత్తని పేరు పెట్టినంత మాత్రాన మరొకటి కాదు.

చుక్కలు

వేసవిలో కాలువలకు నీరు కట్టేస్తారు. మడుగుల్లో నీరు నిలిచిపోతుంది. ఆ వారాల్లో వాంతులు విరేచనాలతో పిల్లలు రావడం కోనసీమలో ఏటా ఉండేదే. ఖాళీగా ఉన్న వార్డు నాలుగు రోజుల్లో నిండింది. ఇన్‌స్పెక్షను వాయిదాపడి అప్పటికి ఇంకా పది రోజులుంది.

పలివెల నుంచి మూడేళ్ల బాబును తెచ్చారు. డాక్టరు గారు చేతికి సూది అమర్చి, గంటకు యాభై మిల్లీలీటర్లు ఎక్కించమని కేస్ షీటులో రాసి వెళ్లారు. వార్డు సిస్టర్ గ్రేసమ్మ గారు పక్క మంచం దగ్గర డ్రెస్సింగు మారుస్తూ, ఆ సూదికి సెలైన్ తగిలించమని సువార్తకు చెప్పారు.

సెలైన్ సెట్లు రెండు రకాలు. పిల్లల సెట్టులో చుక్క చాలా చిన్నది. అరవై చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. మామూలు సెట్టులో ఇరవై చుక్కలకే మిల్లీలీటరు. పిల్లల సెట్టుకు ఒక సౌకర్యం ఉంది: గంటకు యాభై మిల్లీలీటర్లు కావాలంటే నిమిషానికి యాభై చుక్కలు పెడితే సరి. తెర మీద పాఠం సువార్తకు నేర్పింది అదే. ఆ పాఠంలో చంటిపిల్ల కనబడిన ప్రతిసారీ పక్కన పిల్లల సెట్టే వేలాడేది. కానీ ఆ రోజు స్టోరులో పిల్లల సెట్లు అయిపోయాయి. మామూలు సెట్టు పంపారు. అది ఏ సెట్టో కవరు మీద అచ్చువేసి ఉంటుంది. కవరు చదవమని తెర ఎప్పుడూ అడగలేదు.

సువార్త చేతిగడియారం చూసుకుంటూ, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, నిమిషానికి సరిగ్గా యాభై చుక్కలు పెట్టింది. నేర్పిన లెక్కలో ఒక్క చుక్క తేడా లేదు. ఒంట్లోకి పోవలసినదానికి మూడింతలు పోతోంది.

గ్రేసమ్మ గారికి ఒక అలవాటు. ఎవరు కట్టిన సీసా అయినా సరే, దానికి తన చేత్తో ప్లాస్టరు పట్టీ నిలువుగా అంటించి, గంటగంటకూ నీరు ఎక్కడికి దిగాలో గీతలు గీస్తారు. డ్రెస్సింగు మధ్యలోనే వచ్చి ఆ సీసాకూ పట్టీ అంటించి వెళ్లారు. ఇరవై నిమిషాల తరవాత తిరిగి చూస్తే, గంటకు చేరాల్సిన మొదటి గీత దగ్గరకు నీరు అప్పుడే దిగిపోయింది. ముందు గొట్టం మీది రోలరు బిగించి చుక్కలు ఆపారు. ఆ తరవాతే మాట్లాడారు.

"ఈ కవరేదమ్మా?"

సువార్త చెత్తబుట్టలోంచి తీసి ఇచ్చింది.

"చదువు."

చదివింది. ఇక చెప్పవలసిన అవసరం లేకపోయింది. డాక్టరు గారు వచ్చి బాబును పరీక్షించారు. సాయంత్రం దాకా పక్కనే కూర్చోమని నర్సును పెట్టారు. బాబుకు ఏమీ కాలేదు. మూడో రోజు నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. పట్టీ లేకపోయి ఉంటే ఏమయ్యేదో నేను రాయను. మీరు చదువుకున్నవారు.

ఆ రోజు విషయం తెలిసి నేను వార్డుకు వెళ్లేసరికి సువార్త గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు.

"స్క్రీన్ మీద ఎప్పుడూ ఒకటే సెట్టు ఉండేదండి, మేడమ్ గారూ. ఇంకోటి ఉంటుందని నాకు తెలీదండి." చేతిలో కవరు మడుస్తూ, "మా అమ్మకి మీరు చెప్పకండి. నేనే చెప్పుకుంటాను" అంది.

రెండు పుస్తకాలు

అదే రోజు మధ్యాహ్నం కరస్పాండెంట్ గారి గదిలో నిర్ణయం అప్పటికే సిద్ధంగా ఉంది.

"ఆ అమ్మాయిని పంపించేద్దామండి. బాబు తండ్రి ఊరుకునే మనిషిలా లేడు. ఇన్‌స్పెక్షను పెట్టుకుని మనం చర్య తీసుకోలేదంటే ఏం బాగుంటుంది?"

"కారణం ఏమని రాయమంటారండి?"

"నిర్లక్ష్యం అని రాయండి."

"నిర్లక్ష్యం కాదండి. నేర్పింది నేర్పినట్టు చేసింది."

"అయితే నేర్పినవాళ్లదా తప్పు?"

నేను రెండు పుస్తకాలు తీసుకుని వెళ్లాను. వాటిని ఆయన ముందు పక్కపక్కన తెరిచి పెట్టాను. ఒకటి సువార్త ప్రొసీజర్ బుక్: పసిపిల్లలకు సెలైన్ పెట్టుట, చేయగా చూశాను, కింద నా సంతకం, తేదీ. రెండోది వార్డుల్లో ఏ రోజు ఎంతమంది రోగులున్నారో నేను స్వయంగా రాసుకునే పుస్తకం. అదే తేదీ. పిల్లల వార్డు: ఒక్కరూ లేరు.

ఆయన రెండు తేదీల మీదా వేలు పెట్టి చూశారు.

"మీ సంతకం తప్పని మీరే అంటే ఎలాగండీ?"

"తప్పు కాబట్టండి."

"వచ్చినవాళ్లు ఇది చూస్తే మీ ఉద్యోగం పోద్ది."

"పోతే పోతుందండి. ఆ పిల్ల చదువు పోకూడదు. తనకి పని వచ్చని రాసిచ్చింది నేను. గ్రేసమ్మ గారు నా సంతకాన్ని నమ్మి సెలైన్ పెట్టమన్నారు. ఆ అమ్మాయిని పంపాలంటే ముందు నన్ను పంపాలండి."

"పెట్టమన్నది నేను కదా" అన్నారాయన, పుస్తకాల మీదనుంచి తల ఎత్తకుండా.

"మీరు చెప్పేరు. కలం నా చేతిలో ఉందండి."

ఆయన రెండు పుస్తకాలూ మూసి నా చేతికిచ్చారు. "ఆ అమ్మాయిని ఉండమనండి. మిగతాది మీ ఇష్టం" అన్నారు. తరవాత చాలా నెలలు నాతో కాగితాల మీద తప్ప మాట్లాడలేదు. అందులో మొదటి కాగితం నాకిచ్చిన మెమో. ఫైలులో భద్రంగా ఉంది. దాన్ని దాచుకున్నంత ఇష్టంగా ఏ ప్రశంసాపత్రాన్నీ దాచుకోలేదు.

బాబు తండ్రి దగ్గరకు నేనే వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన గట్టిగానే తిట్టారు. నిలబడి విన్నాను. చివర, "ఆ పిల్లకి సరిగ్గా నేర్పండి మరి" అన్నారు.

ఎర్ర సిరా

ఆ రాత్రే చేసేయాలనిపించినా, పగటి వెలుతురులో అందరి ముందూ చేయడమే సరైనదని మర్నాడు క్లాసులో కూర్చున్నాను. ప్రతి విద్యార్థిని పుస్తకంలోనూ నా దొంగ సంతకం మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, పక్కన "చేయలేదు" అని రాసి, మళ్లీ సంతకం పెట్టాను. రోగులొచ్చేక చేస్తారులే అన్న మాట పట్టుకుని సంతకాలు పెట్టానని, అందుకే కొట్టేస్తున్నానని ముందే చెప్పాను కనుక అడగవలసిన అవసరం వారికి లేదు.

ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఆవిడ నాకంటే పెద్దవారు. మూడు పుస్తకాలు తిరగేసి కళ్లజోడు తీశారు.

"ఈ ఎర్ర గీతలేమిటి?"

"పని చూడకుండా నేను పెట్టిన సంతకాలండి. కొట్టేశాను."

"నేను రాకముందు కొత్త పుస్తకాలు రాయించుకోవచ్చు కదా?"

"అప్పుడు రెండు అబద్ధాలవుతాయండి."

ఆవిడ నవ్వలేదు. "ఎక్కడికి వెళ్లినా నిండు పుస్తకాలే చూపిస్తారు" అని మాత్రం అన్నారు. సీట్లు పెంచలేదు. వార్డు అభ్యాసం లోపభూయిష్టంగా ఉందని రాశారు. స్కూలు అనుమతి మాత్రం కొనసాగించారు. ఆవిడ రాసిన ప్రతి మాటా నిజం.

గ్రేసమ్మ గారి చేతులు

కంప్యూటర్లు తీసేయమని కొందరు ట్యూటర్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. తెర చెప్పిన లెక్క తప్పు కాదు. తెర చెప్పనిదాన్ని వార్డులో మేము చెప్పలేదు, అదీ తప్పు.

ఒక పెద్ద రిజిస్టరు తెప్పించి పేజీకి రెండు గడులు గీశాను. మొదటి గడి: చూసినది. రెండో గడి: చేసినది. తెర మీద పాఠం పూర్తయి పరీక్ష పాసైతే మొదటి గడి నిండుతుంది. రోగి దగ్గర ఆ పని చేసి చూపిస్తేనే రెండోది. రోగులు దొరకని కాలంలో రెండో గడి ఖాళీగానే ఉంటుంది. ఎవరొచ్చి అడిగినా ఖాళీగానే ఉంటుంది.

తరవాత మరో అడుగు వేశాం. పట్నం పాఠంలో మన స్టోరు లేదు, మన వేసవి లేదు. కాబట్టి మన పాఠం మనమే తీద్దామని సువార్త అంది. అమలాపురంలో పెళ్లిళ్లకు వీడియోలు తీసే అతణ్ణి పిలిపించాం. అతను లైట్లన్నీ గ్రేసమ్మ గారి ముఖం మీద పెట్టాడు.

"నా మొహం ఎందుకు బాబూ, చేతులు తియ్యి" అన్నారావిడ.

"చివర్లో గులాబీలు విచ్చుకున్నట్టు పెడతానండి. పాట కూడా వస్తుంది."

"సెలైన్‌కి పాటేంటి నాయనా? కవరు మీద అంకె కనబడేలా తియ్యి. అదే పాట."

అలా రెండు సెట్లనూ పక్కపక్కన పెట్టి, కవరు చదివి, చుక్కలు లెక్కించి, పట్టీ అంటించే పాఠం తయారైంది. "ముందు కవరు చదవండమ్మా. చదవనివాళ్లు నా వార్డులో సీసా ముట్టుకోవద్దు" అని గ్రేసమ్మ గారి గొంతుతో మొదలవుతుంది. పాఠాలు పంపే ఆ సంస్థకు దాని నకలు పంపాం. వారు తమ పాఠంలో కవరు చదివే ఘట్టం చేర్చి, మా స్కూలుకు ఉత్తరం రాశారు. మా వార్డులో దొరికిన తప్పు, మేము ఎన్నడూ చూడని ఊళ్ల పిల్లలకు పాఠమైంది. ఈ విషయంలో నాకు గర్వం ఉంది. దాచుకోను. కరస్పాండెంట్ గారు ఆ ఉత్తరానికి అద్దం కట్టించి తమ గదిలో పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి నాతో మళ్లీ నోటితో మాట్లాడారు.

చివరి వారం

సువార్త చదువు పూర్తిచేసి మా పిల్లల వార్డులోనే నర్సుగా చేరింది. కొన్నేళ్లకు స్కూలుకు ఇన్‌స్ట్రక్టరుగా వచ్చి కంప్యూటరు గది బాధ్యత తీసుకుంది. అప్పటికి బ్రాడ్‌బ్యాండు వచ్చింది, పెళ్లిపిలుపులకు పాఠం తెగడం ఆగింది. రెండు గడుల రిజిస్టరులో ట్యూటర్లకు కూడా పేజీలుండాలని పట్టుబట్టింది తనే: పాఠం ఎక్కించడం, పరీక్ష తెరవడం, పాఠాలు పంపే సంస్థకు మార్కులు పంపడం. నేనే సంతోషంగా సంతకం చేసి అమల్లో పెట్టాను.

పదవీ విరమణకు మూడు రోజుల ముందు రిజిస్టర్లన్నీ అప్పగిస్తున్నాను. నా పేజీలో ఒక్క వరుస మిగిలింది. మార్కులు పంపుట. మొదటి గడి నిండి ఉంది, రెండోది ఖాళీ. ఆ పని ఎప్పుడూ నా కోసం సువార్తే చేసిపెట్టేది.

"ఇక్కడో సంతకం పెట్టమ్మా. పుస్తకం ముగించేద్దాం" అన్నాను.

కలం తీసుకోలేదు. "మీరు చూసేరండి, మేడమ్ గారూ. చెయ్యలేదు."

"మూడు రోజుల్లో వెళ్లిపోతున్నదాన్ని. ఇప్పుడు నాకెందుకమ్మా అది?"

"రోగులొచ్చేక చేస్తాలే అన్నట్టుందండి."

నాకు కోపం వచ్చింది. ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా అని అడిగాను కూడా.

"తెలుసండి. అందుకే పెట్టట్లేదు." కుర్చీ లాగి కంప్యూటరు ముందు వేసింది. "రండి. నేను చెయ్యి పెట్టను. చూస్తాను."

కూర్చున్నాను. మొదటిసారి తప్పు క్లాసు తెరిచాను. రెండోసారి సగం మార్కులే వెళ్లాయి. సువార్త వెనకాల చేతులు కట్టుకుని నిలబడి ఉంది, ఒక్క మాట అందించలేదు. మూడోసారి, చేరాయి అని అవతలినుంచి జవాబు వచ్చింది. ఆ జవాబును పైనుంచి కిందదాకా చదివింది. తరవాత కలం తీసి రెండో గడిలో తేదీ వేసి, నిదానంగా సంతకం పెట్టింది.

ఆ పేజీ నకలు నా దగ్గరుంది. నా చేతి కింద చదువుకున్న మనిషి సంతకం అది. పని చేయగా కళ్లారా చూసి పెట్టింది.